పుస్తకం రాసేశావు సరే, కొట్టు ఎక్కడ పెడదాం?

ముందు ఆ ల్యాప్‌టాప్ కాస్త పక్కన పెట్టు తల్లీ. టీ చల్లారిపోతోంది.

పోయిన ఆదివారం మా వీధి చివర టౌన్‌హౌస్‌లో ఉండే అమ్మాయి వచ్చింది. బ్రాంప్టన్‌లో ఫిబ్రవరి ఆదివారం ఎలా ఉంటుందో చెప్పాలా? బయట మోకాలి లోతు మంచు, లోపల హీటర్ రొద. బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, తిన్నగా వంటింట్లోకొచ్చి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. పైన పదకొండు ట్యాబులు. కోబో, అమెజాన్, ఆపిల్, గూగుల్, మిగతావన్నీ ఎవరెవరో చెప్పిన సలహాలు. "అక్కా, రెండేళ్ళు కూచుని రాశాను, ఒక్కరోజు ఏడవలేదు. ఎక్కడ అమ్మాలో తేలక రెండు వారాల్నుంచి ఏడుపొస్తోంది" అంది.

నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. నాలుగేళ్ళ కిందట నా చిన్న పుస్తకం పట్టుకుని నేనూ అచ్చం ఇలాగే కూచున్నాను మరి. రాసేటప్పుడు మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలు పడుకున్నాక, పప్పు కుక్కర్ మూడు కూతలు కూసేలోపు, ఎప్పుడు పడితే అప్పుడు రాసుకుంటాం. అమ్మకం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏదో పరీక్ష హాల్లోకి అడుగుపెట్టినట్టు కాళ్ళు వణుకుతాయి. తప్పు కొట్టు ఎంచుకుంటే పుస్తకమే పాడైపోతుందేమోనని భయం. ఏమీ పాడవదు. ఈబుక్ కదా, ఇవాళ పెట్టింది రేపు మార్చుకోవచ్చు. ఒక్కచోట మాత్రం మూడు నెలలు కట్టిపడేస్తారు, దాని సంగతి వస్తోంది ఆగు.

నేను ఆ అమ్మాయిని ముందు అడిగింది కొట్టు గురించి కాదు. "నీ పుస్తకం ఎవరు చదువుతారు? వాళ్ళ చేతిలో ఏముంటుంది?" అని. తెల్లమొహం వేసింది. మనం ఎంతసేపూ రాయల్టీ శాతాలు చూస్తాం గానీ, చదివే మనిషి రాత్రి మంచం మీద ఒత్తిగిలి ఏ పరికరం పట్టుకుంటుందో చూడం. తన పుస్తకం ఇక్కడి పిల్లల లంచ్ బాక్సుల్లోకి మన వంటల గురించి, ఇంగ్లీషులో, నిండా ఫోటోలతో. సరే, ఫోన్ తియ్యి అన్నాను. ఆ పుస్తకం కొంటారని తను నమ్ముతున్న పదిమందికి అక్కడికక్కడే మెసేజ్ పెట్టించాను: "ఈబుక్ చదవాలంటే మీరు దేంట్లో చదువుతారు?" టీ పూర్తయ్యేలోపు ఏడు జవాబులొచ్చాయి. ముగ్గురిది కోబో. ఇద్దరిది ఐప్యాడ్. ఒకరిది కిండిల్. ఒకావిడ, "నేను కొనను, లైబ్రరీలో తెచ్చుకుంటా" అని నిజాయితీగా రాసింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు, ఆవిడే మనకి ముఖ్యం. ఎందుకో చెప్తాను.

అమెరికాలో ఉన్న మన వదినలూ మరదళ్ళూ ఈబుక్ అంటే కిండిలే అంటారు. అక్కడికి అది నిజమే. ఇక్కడ లెక్క కాస్త వేరు. కోబో మన టొరంటోలో పుట్టిన పిల్ల. 2009లో ఇండిగో పుస్తకాల కంపెనీ కడుపున పుట్టింది. ఆ తర్వాత జపాన్‌కి చెందిన రకుటెన్ కొనుక్కుంది గానీ, కాపురం ఇంకా టొరంటోలోనే. పేరు చూశావా, ఇంగ్లీషులో 'బుక్' అక్షరాలు అటూ ఇటూ మారిస్తే కోబో. ఇండిగో షాపులోకి కొవ్వొత్తులూ కంబళ్ళూ కొందామని వెళ్ళినా గుమ్మం దగ్గర కోబో పరికరాలు కనిపిస్తూనే ఉంటాయి. మన పక్కింటి రిటైరయిన కెనడా టీచరమ్మ చేతిలో ఉండేది అదే.

ఇంకో సంగతి ఉంది. అమెరికాలో లైబ్రరీ ఈబుక్‌ని కిండిల్‌లోకి తెచ్చుకోవచ్చు. కెనడాలో ఆ వీలు లేదు. కోబోలో మాత్రం లైబ్రరీ దారి లోపలే కట్టి ఉంటుంది. కార్డు నంబరు కొడితే టొరంటో పబ్లిక్ లైబ్రరీ పుస్తకం తెర మీదికి దిగుతుంది. అంచేత ఇక్కడ ఎక్కువగా చదివేవాళ్ళు, లైబ్రరీ అలవాటున్నవాళ్ళు కోబో వైపు మొగ్గుతారు. మన పుస్తకాన్ని పట్టించుకునేదీ వాళ్ళే కదా?

అందుకని మొదటి ఖాతా కోబో రైటింగ్ లైఫ్‌లో తెరిపించాను. డబ్బు కట్టేది లేదు. 2012 నుంచీ ఉంది. ధర 2.99 కెనడియన్ డాలర్లు, అంతకు పైన ఎంత పెట్టినా మనకి 70 శాతం. అంతకంటే తక్కువ పెడితే 45 శాతం. "మొదటి పుస్తకం కదక్కా, 1.99 పెడతాను, పాపం కొంటారు" అంది. ఎందుకు పాపం? 1.99కి అమ్మితే తన చేతికి 90 సెంట్లు. 4.99కి అమ్మితే మూడున్నర డాలర్లు. రెండేళ్ళ కష్టాన్ని టిమ్ హార్టన్స్ కాఫీ అంత చవగ్గా పెట్టి, పైగా మొహమాటపడటం! ధర తక్కువైతే కొంటారనుకోవడం మన ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇంటికొచ్చిన వాళ్ళకి పచ్చడి సీసా ఊరికే ఇచ్చి పంపే చేతులు కదా.

కోబోలో ఒక చిన్న రహస్యం. ఖాతా తెరవగానే 'ప్రమోషన్స్' అనే విభాగం కనిపించకపోతే వాళ్ళకి ఒక ఈమెయిల్ రాసి తెరవమని అడగాలి. అడిగితే తెరుస్తారు. అడగకపోతే అలాంటిదొకటి ఉందని కూడా తెలీదు. దాంట్లోంచే వాళ్ళ తగ్గింపు ధరల అమ్మకాల్లో మన పుస్తకం చేర్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పది దరఖాస్తులకి రెండు ఒప్పుకున్నా మంచిదే. కాదన్న ప్రతిసారీ "నా పుస్తకం బాలేదేమో" అని దుప్పటి ముసుగేసుకోకు.

ఇక అమెజాన్. దాన్ని చూసి భయపడక్కర్లేదు, అలాగని కళ్ళు మూసుకుని చెయ్యి అందించనూ కూడదు. కిండిల్ కొట్టు కెనడా సైటులో 2012 చివర్లో తెరిచారు. ఎవరెన్ని చెప్పినా కొత్త మనిషి పుస్తకం వెతికేది ముందు అక్కడే, కాబట్టి మనం అక్కడ లేకపోతే కుదరదు. అక్కడ ధర 2.99కీ 9.99కీ మధ్య ఉంటేనే 70 శాతం. ఆ గీత దాటితే, కిందికైనా పైకైనా, 35 శాతం. చూడు ఎంత తమాషాగా ఉంటుందో: 9.99 పెడితే మనకి 6.99 వస్తుంది. 12.99 పెడితే 4.55 వస్తుంది! ధర మూడు డాలర్లు పెంచి, రాబడి రెండు డాలర్లకు పైగా తగ్గించుకోవడం అన్నమాట. అదే 12.99 కోబోలో పెడితే 9.09.

ఫోటోల పుస్తకం రాసినవాళ్ళు మాత్రం ఇక్కడ టీ గ్లాసు కింద పెట్టి వినాలి. అమెజాన్‌లో 70 శాతం తీసుకుంటే ఫైలు బరువుకి రవాణా ఖర్చు పడుతుంది, మెగాబైట్‌కి 15 సెంట్లు. ఆ అమ్మాయి ఫైలు 20 మెగాబైట్లు. పెరుగన్నం మీద దానిమ్మ గింజలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి ఫోటోలు! అంటే ఒక్కో పుస్తకానికి మూడు డాలర్లు రవాణాకే పోతాయి. 4.99లో మూడు తీసేసి, మిగిలినదాంట్లో 70 శాతం అంటే 1.39. దానికంటే 35 శాతమే ఎంచుకుంటే రవాణా ఖర్చు లేకుండా 1.75 వస్తుంది. మేమిద్దరం కూచుని ఆ సాయంత్రం ఫోటోలన్నీ చిన్నవి చేశాం. ఫైలు 4 మెగాబైట్లకి దిగింది, రాబడి 3.07కి ఎక్కింది. దానిమ్మ గింజలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి, కంగారు పడకు. కోబోలోనూ ఆపిల్‌లోనూ ఈ రవాణా గొడవే లేదు.

ఇందాక కట్టిపడేసే చోటు ఒకటుందన్నాను కదూ? అదీ అమెజాన్‌లోనే. పుస్తకం పెట్టేటప్పుడు 'కేడీపీ సెలెక్ట్' అని ఒక గడి వస్తుంది. టిక్కు పెట్టమని ముద్దుముద్దుగా అడుగుతుంది. పెట్టావా, 90 రోజులు నీ ఈబుక్ ఇంకే కొట్లోనూ అమ్మడానికి లేదు. కోబోలో లేదు, ఆపిల్‌లో లేదు, ఆఖరికి నీ సొంత వెబ్‌సైట్లో కూడా లేదు. 90 రోజులయ్యాక నువ్వు వద్దని చెప్పకపోతే దానంతటదే మళ్ళీ 90 రోజులు. బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చందాదారులు చదివిన పేజీల లెక్కన డబ్బిస్తారు. పేజీకి సెంటులో సగం, అటూ ఇటూ. రెండొందల పేజీల పుస్తకం ఒకరు మొదట్నుంచి చివరిదాకా చదివితే సుమారు ఒక డాలరు.

మరి అది చెడ్డదా? కాదమ్మా. ప్రేమకథలూ డిటెక్టివ్ నవలలూ వరసపెట్టి రాసేవాళ్ళకి అది బంగారుబాతే. వాళ్ళ పాఠకులు రాత్రికొక పుస్తకం నమిలేస్తారు, చందా కట్టేదే అందుకు. లంచ్ బాక్సు పుస్తకాన్ని ఎవరైనా మొదట్నుంచి చివరిదాకా చదువుతారా? పులిహోర పేజీ ఒకటి చూసి మూసేస్తారు. పైగా మన పదిమందిలో జవాబిచ్చిన ఏడుగురికి కిండిల్ ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరి కోసం మిగతా ఆరుగురి మొహం మీద తలుపు వేసుకుంటామా? అమెజాన్‌లో పుస్తకం పెట్టు, ఆ గడి మాత్రం ఖాళీగా ఉంచు. రెండూ వేరువేరు సంగతులని చాలామందికి తెలీదు. కోబోకి కూడా కోబో ప్లస్ అని చందా ఉంది, దాంట్లో చేరినా మిగతా కొట్లలో నిక్షేపంగా అమ్ముకోవచ్చు.

ఒక్క మెలిక చెప్పకపోతే రేపు నన్ను తిట్టుకుంటావు. నీ పాఠకులు ఎక్కువమంది హైదరాబాదులోనో విశాఖలోనో ఉంటే, ఇండియా కిండిల్ అమ్మకాల మీద 70 శాతం కావాలంటే ఆ గడిలో టిక్కు ఉండాల్సిందే. లేకపోతే 35 శాతమే. అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను, చదివేది ఎవరు? ఊళ్ళో ఉన్న మేనత్తలూ, కాలేజీ స్నేహితులూ ఎంత మురిసిపోయినా, నీ పుస్తకం అవసరం ఎవరికో వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి. మేనత్తలకి ఎలాగూ ఊరికే పంపిస్తావు.

ఆపిల్ బుక్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ ధరైనా 70 శాతం, షరతుల్లేవు, ఐప్యాడ్ అమ్మలకి అదే హాయి. గూగుల్ ప్లే బుక్స్ కూడా 70 శాతమే ఇస్తుంది, ఇండియాలో ఆండ్రాయిడ్ ఫోన్లున్న చుట్టాలకి అది తేలిక. "ఇన్ని చోట్ల ఖాతాలు తెరిచి, ఇన్ని పాస్‌వర్డులు నేను గుర్తుపెట్టుకోలేనక్కా" అన్నావనుకో, డ్రాఫ్ట్2డిజిటల్ అని ఒక మధ్యవర్తి ఉంది. ఒక్కచోట ఫైలిస్తే వాళ్ళే ఆపిల్‌కీ కోబోకీ లైబ్రరీలకీ పంచుతారు. పుస్తకం ధరలో పదో వంతు తీసుకుంటారు. 4.99కి మనకి 3.49 బదులు 2.99 వస్తుందన్నమాట. ఆ యాభై సెంట్లు మనశ్శాంతికి కట్టిన రుసుం అనుకో. నా మట్టుకు నేను కోబో, అమెజాన్ రెండూ నా చేతిలోనే పెట్టుకుని, మిగతావి వాళ్ళకి అప్పగించాను. రోజుకి నాలుగు చోట్ల అమ్మకాలు చూసుకుంటూ కూచుంటే కూర మాడుతుంది. అనుభవం మీద చెప్తున్నాను.

ఇప్పుడు లైబ్రరీ ఆవిడ దగ్గరికొద్దాం. కోబో ఖాతాలోంచే ఓవర్‌డ్రైవ్ అనే దారిలో పుస్తకాన్ని లైబ్రరీలకి అమ్మకానికి పెట్టుకోవచ్చు. దానికి వేరే ధర పెట్టుకోవచ్చు, అందులో సగం మనకి. ఫోన్లో లిబ్బీ యాప్ ఉంటుంది కదా, పిల్లల కథలు తెచ్చుకుంటాం, అది ఆ ఓవర్‌డ్రైవ్ వాళ్ళదే. లైబ్రరీ ఒక కాపీ కొంటే దాన్ని ఒకరి తర్వాత ఒకరు చదువుతారు. మన పుస్తకం కొనమని లైబ్రరీకి సిఫారసు చేయడానికి నీ స్నేహితురాళ్ళందరికీ హక్కుంది, చేయించు. మొహమాటమా? పిల్లాడి హాకీ టీముకి చాక్లెట్లు అమ్మిపెట్టమని ఆఫీసంతా తిరిగినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు?

లైబ్రరీలో పుస్తకం ఉంటే ఇంకో లాభం ఉంది. కెనడా కౌన్సిల్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్ళు 1986 నుంచి 'పబ్లిక్ లెండింగ్ రైట్' అని ఒక పథకం నడుపుతున్నారు. లైబ్రరీల్లో ఊరికే చదువుకోనిస్తున్నందుకు రచయితకి ఏటా ఫిబ్రవరిలో కొంత డబ్బు ఇస్తారు. 2016 నుంచి ఈబుక్‌లు కూడా చేర్చారు. పౌరసత్వమో పీఆరో ఉండాలి. ఫిబ్రవరి 15 నుంచి మే 1 లోపు నమోదు చేసుకోవాలి. కథలు, కవితలు, జ్ఞాపకాలు, పిల్లల పుస్తకాలు రాసినవాళ్ళు తప్పకుండా చూసుకోండి. వంటల పుస్తకాలకి మాత్రం ఇవ్వరు. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. సరేలే, రెండో పుస్తకం కథలు రాయి అన్నాను.

తెలుగులో రాసినవాళ్ళ కోసం ఇక్కడ కాసేపు ఆగాలి. మా గుళ్ళో ఒక పిన్నిగారున్నారు. పాతికేళ్ళు మాంట్రియల్లో ఉద్యోగం చేసి, ఇప్పుడు కథలు రాస్తున్నారు. ఊళ్ళో డీటీపీ చేయించిన ఫైలు తెచ్చి "ఇది ఈబుక్ చేసి పెట్టవే" అన్నారు. తెరిస్తే అంతా అను ఫాంటు. అచ్చుకి అదే వాడతారు గానీ అది యూనికోడ్ కాదు. ఈబుక్‌లో పెడితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్పించి, మార్చినదాన్ని మళ్ళీ అక్షరం అక్షరం దిద్దుకోవాలి. ఒత్తులు ఎగిరిపోతాయి మరి. ఆ తర్వాత మండలి లాంటి ఉచిత ఫాంటు ఏదైనా ఫైలు లోపలే పొదిగించాలి. అప్పుడు 'స్త్రీ', 'కృష్ణ', 'లక్ష్మి' ఈ మూడు మాటలూ కోబోలో ఒకసారి, ఫోన్లో ఒకసారి, ఐప్యాడ్‌లో ఒకసారి చూసుకోవాలి. ఈ మూడూ సరిగ్గా కనిపిస్తే మిగతావి చాలావరకు కనిపిస్తాయి. పిన్నిగారి ఫైల్లో లక్ష్మి ముందు లక్‌ష్మిగా వచ్చింది. "నా పేరే విరిచేశావే" అన్నారు పాపం.

ఇంకో కష్టం. అమెజాన్ వాళ్ళు 2016 చివర్లో కిండిల్ పుస్తకాలకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చేర్చారు. మన తెలుగు ఆ ఐదింట్లో లేదు. కోట్లమంది మాట్లాడే భాష, ఎందుకు లేదో నాకైతే ఇప్పటికీ కడుపుమంట. కాబట్టి తెలుగు పుస్తకం పెట్టేవాళ్ళు ముందు వాళ్ళ భాషల జాబితా ఒకసారి తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఫైలు మీద కష్టపడండి. పిన్నిగారి కథల్ని మేం గూగుల్‌లోనూ, నేరుగానూ అమ్ముతున్నాం.

నేరుగా అంటే ఎలా? పేహిప్ లాంటి చోట ఒక చిన్న పేజీ పెట్టుకోవచ్చు. అమ్మిన ప్రతి దాంట్లో 5 శాతం తీసుకుంటారు, నెల కిరాయి ఉండదు. కొన్నవాళ్ళ ఈమెయిల్ మన దగ్గరుంటుంది, రెండో పుస్తకం వచ్చినప్పుడు ఒక్క ఉత్తరం ముక్క చాలు. ఉగాది సంబరాల్లో పిన్నిగారు బల్ల వేసుకుని, పుస్తకం అట్ట బొమ్మ అంటించిన అట్టముక్క ఒకటి నిలబెట్టారు. వచ్చినవాళ్ళు అక్కడికక్కడే ఫోన్లోంచి ఇంటరాక్ పంపేవారు, ఈవిడ వాళ్ళ ఈమెయిల్ నోట్‌బుక్‌లో రాసుకుని రాత్రికి ఫైలు పంపేవారు. ఇంత పాతకాలపు పద్ధతి ఎక్కడైనా ఉంటుందా? ఆ సాయంత్రం అమ్మినన్ని కాపీలు ఆన్‌లైన్‌లో రెండు నెలలకీ అమ్మలేదు. అన్నట్టు, అలా నేరుగా అమ్మేటప్పుడు నాలుగు త్రైమాసికాలు కలిపి 30,000 డాలర్లు దాటనంతవరకూ జీఎస్టీకి నమోదు కానక్కర్లేదు. దాటిన రోజున నాకు ఫోన్ చెయ్యి, పండగ చేసుకుందాం.

కాగితాల పని అంటే మనందరికీ నీరసం. కానీ రెండు గంటలు ఓపిక పడితే చాలు. ఐఎస్‌బీఎన్ కెనడాలో ఉచితం. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైట్లో ఖాతా తెరిస్తే నువ్వే పబ్లిషర్‌గా నీ నంబర్లు నీకిస్తారు. ఈబుక్‌కి ఒకటి, అచ్చు పుస్తకానికి వేరే ఒకటి. అమెరికా వదిన దీనికి డబ్బు కట్టాలి, మనం కట్టక్కర్లేదు, ఆ ఆనందం దాచుకోకు. డ్రాఫ్ట్2డిజిటల్ లాంటి వాళ్ళు ఊరికే ఇచ్చే నంబరు తీసుకుంటే దాని మీద పబ్లిషర్‌గా నీ పేరుండదు, అందుకని మన నంబరే మనం వాడుకుందాం. పుస్తకం బయటికొచ్చాక ఒక కాపీ ఆ లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్‌కి పంపాలి, చట్టం. ఒట్టావాలో దేశం పుస్తకాల మధ్య ఆ అమ్మాయి పుస్తకంలోని కందిపొడి కూడా భద్రంగా ఉంటుందన్నమాట.

ఇక పన్ను ఫారం. నేను తప్పు చేసింది ఇక్కడే. అమెరికా కంపెనీ ఏదైనా మనకి రాయల్టీ ఇచ్చేముందు ఆన్‌లైన్‌లో కొన్ని పన్ను ప్రశ్నలు అడుగుతుంది. నేను ఒక కొట్లో వాటిని వంట చేస్తూ నింపాను, ఒప్పందం గురించిన ప్రశ్న దాటేశాను. మూడు నెలల తర్వాత చూస్తే 30 శాతం అమెరికా వాళ్ళకి పోతోంది. తప్పు పూర్తిగా నాదే, పైగా ఆ మూడు నెలలూ "ఇంత తక్కువ వస్తోందేమిటి, నా పుస్తకం అంత పనికిరానిదా" అని కుమిలిపోయాను. కెనడాకీ అమెరికాకీ మధ్య ఒప్పందం ఉంది. సాహిత్య రచనల కాపీరైట్ రాయల్టీ మీద అమెరికాలో కోత సున్నా. ఇండియాలో ఉంటూ రాసే చెల్లికైతే 15 శాతం. మన సిన్ నంబరు ఇచ్చి, కెనడా నివాసినని చెప్పి, ఒప్పందం వర్తిస్తుందని టిక్కు పెట్టి, చివర్లో 0 శాతం అని కనిపించేదాకా ఆ పేజీ వదలకు. పొయ్యి కట్టేసి కూచుని నింపు.

వచ్చిన డబ్బు ఇక్కడి సీఆర్‌ఏకి చూపించాలి, పది డాలర్లయినా సరే. అట్ట బొమ్మ వేసినవాళ్ళకీ, ఎడిటర్‌కీ ఇచ్చిన రసీదులు దాచుకుంటే ఖర్చు కింద చూపించుకోవచ్చు. బిస్కెట్ డబ్బా ఒకటి దానికి కేటాయించు. స్వయం ఉపాధి లెక్క చూపించేవాళ్ళకి రిటర్ను గడువు జూన్ 15, కట్టాల్సిన పన్నుంటే మాత్రం ఏప్రిల్ 30కే. కొనేవాళ్ళ వైపు కూడా ఒక చిన్న సంగతుంది. అంటారియోలో అచ్చు పుస్తకం మీద పన్ను 5 శాతమే, ఈబుక్ మీద 13. 4.99 అనుకుని వచ్చిన మనిషికి 5.64 కనిపిస్తుంది. "ధర పెంచావేమే" అని ఎవరైనా అంటే మన తప్పు కాదని చెప్పు.

ఇన్ని చెప్పాక కూడా ఆ అమ్మాయి కప్పు చివర్న మిగిలిన టీ తిప్పుతూ కూచుంది. అసలు భయం అప్పుడు బయటపడింది. "సొంతంగా వేసుకున్న పుస్తకం అంటే చిన్నచూపు కదక్కా? ఎవరూ వెయ్యకపోతేనే మనం వేసుకున్నాం అనుకుంటారు." మనలో ఎంతమందికి లేదు ఈ ముల్లు? టొరంటోలో టెర్రీ ఫాలిస్ అనే ఆయన రాజకీయాల మీద ఒక హాస్య నవల రాశాడు. పబ్లిషర్లు పట్టించుకోలేదు. అధ్యాయాలు తనే చదివి పాడ్‌కాస్ట్‌గా ఊరికే వినిపించాడు, 2007లో సొంత ఖర్చుతో వేసుకున్నాడు. 2008లో దానికి స్టీఫెన్ లీకాక్ హాస్య పతకం వచ్చింది. అప్పుడు పెద్ద పబ్లిషర్ తీసుకున్నాడు. 2011లో సీబీసీ వాళ్ళ 'కెనడా రీడ్స్' పోటీలో అదే గెలిచింది. మనకి పతకాలు వస్తాయని కాదు నేను చెప్పేది. ఆయనా ఒకరోజు మనలాగే డబ్బు కట్టి, బిక్కుబిక్కుమంటూ కూచున్నవాడే.

ఏడున్నర అయింది. పదకొండు ట్యాబుల్లో తొమ్మిది మూసేసింది. కోబోలో 4.99, అమెజాన్‌లో 4.99, ఒకే ధర. ఒకచోట తక్కువ పెడితే అమెజాన్ వాళ్ళు చూసి తమ దగ్గరా తగ్గించేస్తారు, అందుకని. ఆ గడి ఖాళీ. బటన్ నొక్కేముందు నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది చెయ్యి. నొక్కింది. మర్నాడు పొద్దున కోబోలో పుస్తకం కనిపిస్తోందని మెసేజ్ పెడితే నేనే మొదట కొన్నాను. ఫోన్లో తెరిచి కందిపొడి దగ్గరికి వెళ్ళాను. కంది పప్పు ఒక కప్పు, ఎండుమిరపకాయలు ఆరు, జీలకర్ర, వెల్లుల్లి. ఎంత వెతికినా ఉప్పు లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా! ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది, ఫైలు మార్చి మళ్ళీ ఎక్కించు. ఆఫీసుకి వెళ్ళేలోపు అయిపోతుంది. ఉప్పెంతో నన్నడగకు, మీ అమ్మనడుగు."